వరి మొక్కలో చిరుపొట్ట కనిపిస్తోంది, పూత హార్మోన్‌ని తయారుచేసే హెచ్‌డీ3ఎ జన్యువు ఆర్‌ఎన్‌ఏ మాత్రం సున్నా. లోపం ఎక్కడ?

నారుమడి_17
గ్రోత్ ఛాంబర్‌లో నిప్పన్‌బారే, ఎంటీయూ 1010 వరి రకాలు పెంచుతున్నాం. 10 గంటల వెలుగు, 14 గంటల చీకటి. పగలు 28 డిగ్రీలు, రాత్రి 24. లైట్లు ఉదయం 6కి వెలుగుతాయి. 11:30 ప్రాంతంలో ఆకులు కోసి, ద్రవ నత్రజనిలో వేసి, ఆర్‌ఎన్‌ఏ తీసి క్యూపీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే పరీక్ష, ఎక్కువుంటే తక్కువ సైకిళ్లకే లేస్తుంది) చేస్తే, పోలికకి పెట్టుకున్న యుబిక్విటిన్ జన్యువు చక్కగా వస్తోంది. హెచ్‌డీ3ఎ మాత్రం 36 సైకిళ్లు దాటినా లేవడం లేదు. పోనీ మొక్కకి పూత రావట్లేదా అంటే, ప్రధాన కాండాన్ని నిలువునా చీలిస్తే కణుపు పైన తెల్లటి నూగుతో చిన్న కంకి స్పష్టంగా కనిపిస్తోంది. కిట్ మార్చాం, ప్రైమర్లు మార్చాం, ఫలితం అదే. పూత హార్మోన్ లేకుండా పూత ఎలా వస్తుంది?

పీసీఆర్_పట్టు
11:30కి కోస్తే ఏముంటుంది? షార్ట్ డేలో (పగళ్లు పొట్టిగా ఉన్నప్పుడు) హెచ్‌డీ3ఎ ఆర్‌ఎన్‌ఏ తెల్లవారుజామున శిఖరానికి వెళ్లి, పొద్దెక్కేసరికి పడిపోతుంది. లైట్లు వెలిగే ముందు కోయండి.

కంకి_కబుర్లు
పై మాట నిజం. దాంతోపాటు ఏ ఆకు కోశారో చెప్పండి. కాండం కొనలో వెతికితే దొరకదు. హెచ్‌డీ3ఎ జన్యువు పనిచేసేది ఆకు పలకలోని నాళికల్లో. అక్కడ తయారైన ప్రోటీన్ ఫ్లోయమ్ ద్వారా కొనకి చేరుతుంది. 2007లో జపాన్ వాళ్లు చూపించింది ఇదే: ఆర్‌ఎన్‌ఏ ఆకులోనే, ప్రోటీన్ మాత్రం కొనలో.

నారుమడి_17
పూర్తిగా విచ్చుకున్న పై ఆకే తీసుకున్నాం, తొడుగు లేకుండా పలక మాత్రమే. సమయం గురించే అనుమానం. రోజంతా కాస్తయినా ఉండాలి కదా, మరీ సున్నానా?

జన్యుపటం
కాస్త విడమరిచి చెప్తాను.

వరిలో పూత నిర్ణయం రెండు దారుల్లో ఆకుకి చేరుతుంది. ఒకటి హెచ్‌డీ1 దారి, రెండోది ఈహెచ్‌డీ1 దారి. రెండూ చివరికి హెచ్‌డీ3ఎనీ, దాని పక్కింటి ఆర్‌ఎఫ్‌టీ1నీ తట్టి లేపుతాయి. ఈ రెండూ 6వ క్రోమోజోమ్ మీద 11.5 కిలోబేస్‌ల దూరంలో పక్కపక్కనే ఉంటాయి. ఈహెచ్‌డీ1కి అరబిడాప్సిస్‌లో (ల్యాబ్‌లలో నమూనాగా వాడే చిన్న మొక్క) జోడీ లేదు. ఇది వరి లాంటి గడ్డి జాతుల్లో కనిపించేది, అందుకే అరబిడాప్సిస్ పాఠాన్ని వరికి యథాతథంగా దించితే తేడా వస్తుంది.

ఇక సమయం సంగతి. ఈహెచ్‌డీ1 ఉదయం వేళ నీలి కాంతితో లేస్తుంది. అందుకు మొక్క లోపలి గడియారం తెరిచే ఒక తలుపు ఉంటుంది. దాన్ని అణిచే జీహెచ్‌డీ7 జన్యువుకి ఎర్ర కాంతి, దాన్ని పసిగట్టే ఫైటోక్రోమ్ ప్రోటీన్ కావాలి. జీహెచ్‌డీ7 తలుపు పగళ్లు పొడుగైనప్పుడు ఉదయం తెరుచుకుంటుంది, పొట్టిగా ఉన్నప్పుడు నడిరాత్రి తెరుచుకుంటుంది. నడిరాత్రి వెలుగు ఉండదు కాబట్టి జీహెచ్‌డీ7 లేవదు, ఈహెచ్‌డీ1కి అడ్డు లేదు, హెచ్‌డీ3ఎ తెల్లవారేసరికి పుంజుకుంటుంది. 2010లో వచ్చిన ఈ పనిలోనే అరగంట పగటి తేడాకి కూడా హెచ్‌డీ3ఎ స్పందిస్తుందని, 13.5 గంటల దగ్గర గీత ఉందని తేలింది.

కాబట్టి సున్నా రావడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి మీరు కోసిన వేళ. రెండోది రాత్రి వెలుగు. మీ ఛాంబర్ తలుపు రాత్రి ఎవరైనా తెరుస్తున్నారా?

దాళ్వా_చేను
రాత్రి పది నిమిషాలు లైటు పడితే అంత తేడానా?

జన్యుపటం
అవును. నడిరాత్రి ఒక్క 10 నిమిషాల వెలుగు చాలు, హెచ్‌డీ3ఎ అణిగిపోతుంది. ఫైటోక్రోమ్ బి లేని మ్యూటెంట్లలో ఆ ప్రభావం ఉండదు. అందుకే నింద ఫైటోక్రోమ్ బి మీదికి వెళ్తుంది. జపాన్‌లో వీధి దీపాల కింద ఉన్న వరి చుట్టుపక్కల చేలకంటే ఆలస్యంగా ఈనడం ఎప్పటినుంచో చూస్తున్నదే.

పీసీఆర్_పట్టు
నారుమడి_17 గారి మొక్కల్లో కంకి మొదలైంది కాబట్టి పూర్తి నైట్ బ్రేక్ (రాత్రి వెలుగు పడి పూత ఆగడం) కాదు. కోసిన వేళే అసలు కారణం. ఇలా చేయండి:

లైట్లు వెలగడానికి 15 నుంచి 30 నిమిషాల ముందు లోపలికి వెళ్లండి. తలకి కట్టుకునే దీపం మీద ఆకుపచ్చ ఫిల్టర్ వేసి, అతి మందంగా పెట్టుకోండి. ముందురోజే గొట్టాల మీద పేర్లు రాసి వరసగా పేర్చుకుంటే లోపల తడుముకోవక్కర్లేదు. ఆకు పలక మధ్య భాగం తీసి ఒక నిమిషంలోపే గడ్డకట్టించాలి. ఒకసారి కోసిన మొక్కని మళ్లీ తర్వాతి రోజు పాయింటుకి వాడకండి. దానికి రాత్రి వెలుగు తగిలింది, ఆకూ తెగింది. కుండీలు ఎక్కువ పెట్టుకోండి.

ఒక్క పాయింటు మీద ఆధారపడొద్దు. 24 గంటల్లో ప్రతి 4 గంటలకి ఒకసారి, మూడేసి మొక్కల నుంచి కోయండి. ఆ వంపు చూస్తే మీ ఛాంబర్ గడియారం సరిగ్గా నడుస్తోందో లేదో కూడా తెలుస్తుంది.

కంకి_కబుర్లు
ప్రైమర్ల సంగతి కూడా. హెచ్‌డీ3ఎ, ఆర్‌ఎఫ్‌టీ1 కోడింగ్ భాగాలు దాదాపు కవలలు. కోడింగ్ భాగంలో ప్రైమర్ పెడితే రెండూ కలిసి వస్తాయి, మెల్ట్ కర్వ్‌లో తేడా పట్టుకోలేం. కనీసం ఒక ప్రైమర్‌ని 3 ప్రైమ్ యూటీఆర్‌లో (కోడింగ్ భాగం తర్వాత వచ్చే కొనలో) పెట్టి, వచ్చిన ముక్కని ఒక్కసారైనా సీక్వెన్స్ చేయించండి. డీఎన్‌ఏస్ (మిగిలిపోయిన డీఎన్‌ఏని కోసేసే ఎంజైమ్) వేశారా? రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేస్ లేని గొట్టం కూడా నడపండి.

నారుమడి_17
డీఎన్‌ఏస్ వేశాం, ఆ గొట్టం ఖాళీగానే ఉంది. ప్రైమర్లు మాత్రం రెండూ ఎక్సాన్లలోనే ఉన్నాయి. ఆర్‌ఎఫ్‌టీ1 కూడా చూడాలా? మేం పెట్టింది షార్ట్ డే కదా.

జన్యుపటం
చూడండి. షార్ట్ డేలో పెద్దన్న హెచ్‌డీ3ఎ, లాంగ్ డేలో ఆర్‌ఎఫ్‌టీ1. కానీ హెచ్‌డీ3ఎ ఒక్కదాన్ని అణిస్తే పూత కాస్త ఆలస్యమవుతుందే తప్ప ఆగదు. రెండింటినీ ఆర్‌ఎన్‌ఏఐతో అణిచినప్పుడు 300 రోజులైనా మొక్క పూతకి రాలేదు. "పూత హార్మోన్ లేకుండా పూత ఎలా" అని అడిగారుగా, ఆ లెక్కన రెండూ లేకుండా వరిలో పూత రాదు. మీ మొక్కలో కంకి ఉందంటే ఏదో ఒకటి అక్కడ పనిచేసింది, మీ గొట్టంలోకి రాలేదు.

మాగాణి_మధు
హెచ్‌డీ1 పూతని ముందుకు తెస్తుంది కదా, అరబిడాప్సిస్ కాన్‌స్టాన్స్‌కి జోడీ. అది ఎక్కువ ఉన్న రకం తీసుకుంటే సరిపోదా?

జన్యుపటం
ఇక్కడే చాలామంది తడబడతారు. హెచ్‌డీ1 షార్ట్ డేలో పూతని తెస్తుంది, లాంగ్ డేలో ఆపుతుంది. 2000లో నిప్పన్‌బారే, కసలత్ సంకరం నుంచి ఈ జన్యువుని పట్టుకున్నప్పుడే ఈ రెండు ముఖాలూ తెలిశాయి.

పైరు_పరిశోధన
ఇక్కడ నేను ఒప్పుకోను. "లాంగ్ డేలో ఆపుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేయడం సగం మాటే. జీహెచ్‌డీ7 పనిచేయని నేపథ్యంలో పెడితే అదే హెచ్‌డీ1 లాంగ్ డేలో కూడా పూతని ముందుకే తెస్తుంది. హెచ్‌డీ1, జీహెచ్‌డీ7 ప్రోటీన్లు రెండూ కలిసి ఈహెచ్‌డీ1 ప్రోమోటర్ దగ్గర కూర్చుంటేనే అది అణిగేది. డీటీహెచ్8 కూడా ఆ గుంపులోదే. నేపథ్యం చెప్పకుండా "ఈ జన్యువు ఇలా చేస్తుంది" అనడం వల్లే రెండు ల్యాబ్‌ల ఫలితాలు కొట్టుకుంటాయి.

జన్యుపటం
మీరు చెప్పింది సరైనదే. నేను నిప్పన్‌బారే లాంటి నేపథ్యాన్ని మనసులో పెట్టుకుని రాశాను. ఈ మాట నారుమడి_17 గారికి ముఖ్యం, ఎందుకంటే వాళ్లు ఎంటీయూ 1010ని పక్కన పెట్టి పోలుస్తున్నారు.

పైరు_పరిశోధన
అదే. రెండు రకాల హెచ్‌డీ3ఎ మట్టాలు పోల్చేముందు వాటి యుగ్మవికల్పాలు (ఏ జన్యువు ఏ రూపంలో ఉందో) తెలియాలి. హెచ్‌డీ1 రెండు ఎక్సాన్లు, జీహెచ్‌డీ7 రెండు ఎక్సాన్లు. నాలుగైదు పీసీఆర్ ముక్కల్లో అన్నీ చదవొచ్చు. చదివాక చూడాల్సింది ఫ్రేమ్ మారిందా, మధ్యలో స్టాప్ వచ్చిందా, సీసీటీ డొమైన్ (ఈ ప్రోటీన్లన్నిట్లో ఉండే కీలక భాగం) మిగిలిందా అని.

జీహెచ్‌డీ7 చరిత్ర చూస్తే తెలుస్తుంది. 2008లో చైనా వాళ్లు మింగ్‌హుయి 63, ఝెన్‌షాన్ 97 సంకరంలో దీన్ని పట్టారు. మింగ్‌హుయి 63లో బలమైన రూపం ఉంది, ఝెన్‌షాన్ 97లో జన్యువే తెగిపోయి లేదు. బలమైన రూపం ఉంటే లాంగ్ డేలో ఈనిక ఆలస్యం, ఎత్తు ఎక్కువ, కంకికి గింజలు ఎక్కువ. ఒకే జన్యువు మూడు పనులు చేస్తోందంటే, పంట కాలం తగ్గించాలని దాన్ని పడగొడితే గింజల సంఖ్య కూడా పడుతుందని ముందే అర్థం చేసుకోవాలి. 2017లో హెచ్‌డీ2, హెచ్‌డీ4, హెచ్‌డీ5లని క్రిస్పర్‌తో కత్తిరించి త్వరగా ఈనే వరి చేశారు. ఆ హెచ్‌డీ4 అంటే ఈ జీహెచ్‌డీ7 జన్యువే. త్వరగా ఈనడం సాధించడం తేలిక, దిగుబడి నిలబెట్టుకోవడమే కష్టం.

గోధుమ_గడప
గోధుమలో విఆర్‌ఎన్2 కూడా సీసీటీ కుటుంబమే. అక్కడ చలి తగిలాక విఆర్‌ఎన్1 లేచి, విఆర్‌ఎన్2ని అణిచి, విఆర్‌ఎన్3కి దారి వదులుతుంది. విఆర్‌ఎన్3 అంటే మీ హెచ్‌డీ3ఎ బంధువే. పగటి పొడవు పట్టింపు పోగొట్టింది మాత్రం పీపీడీ-డీ1ఎ, జన్యువు ముందు 2,089 బేసుల ముక్క తెగిపోయిన రూపం. మన దేశంలో పండేవి వసంత గోధుమలు, వాటికి చలి కోర్సు అక్కర్లేదు.

జొన్నకంకి
జొన్నలో ఎంఏ1 అంటే పీఆర్‌ఆర్37, ఎంఏ6 అంటే జీహెచ్‌డీ7. మొక్కజొన్నలో జడ్‌ఎంసీసీటీ ప్రోమోటర్‌లో ట్రాన్స్‌పోజాన్ దూరి పగటి పట్టింపు తగ్గింది. ఉత్తరానికి వెళ్లిన చాలా తృణధాన్యాల్లో ఇదే కుటుంబంలో మార్పులు కనిపిస్తాయి. ఇంత చక్కగా ఒకదానితో ఒకటి కలిసే సంగతులు జన్యుశాస్త్రంలో తక్కువ.

దాళ్వా_చేను
చేను వైపు ఒక ప్రశ్న. ముదురు నారు నాటితే పిలకలు పెట్టకుండానే ఈనేస్తుంది, ముఖ్యంగా 120 రోజుల రకాలు. ఇదీ ఈ జన్యువుల వల్లేనా? మా పెద్దలు "నారు ముదిరింది, తల్లి ఒక్కటే ఈనింది" అంటారు.

కంకి_కబుర్లు
ఔను, కానీ పగటి పొడవు కంటే వయసు లెక్క ఇది. వరికి మొదట ఏ పగటి పొడవుకీ స్పందించని బాల్యదశ ఉంటుంది. ఎంటీయూ 1010 లాంటి స్వల్పకాలిక రకాల్లో ఆ దశ దాటాక పగటి పొడవు కోసం ఆగేది పెద్దగా ఉండదు. నారుమడిలోనే ఆ వయసు అయిపోతే, నాటాక కోలుకోవడానికి కొన్ని రోజులు పోతాయి, పిలకలకి సమయం మిగలదు, కాండం కొన కంకిగా మారిపోతుంది. స్వర్ణ లాంటి 150 రోజుల రకానికి అంత ఇబ్బంది ఉండదు, దానికి గడువు చాలా ఉంది.

చేయాల్సింది: స్వల్పకాలిక రకాలు 21 నుంచి 25 రోజుల నారే నాటాలి. ముదిరితే కుదురుకి 4–5 మొక్కలు వేసి, కుదుళ్లు దగ్గర చేసి, నత్రజనిలో ఎక్కువ భాగం, సుమారు 70 శాతం, దమ్ములోనే ఇచ్చి మిగతాది అంకురం (కంకి మొదలయ్యే) దశలో ఇవ్వాలి. పిలకలు రావని తెలిసి కూడా మూడు దఫాలుగా యూరియా వేస్తే మధ్య దఫా వృథా.

మాగాణి_మధు
దాళ్వాలో అదే రకం సార్వా కంటే కొన్ని రోజులు ఎక్కువ తీసుకుంటుంది. పగళ్లు పొట్టిగా ఉంటే త్వరగా ఈనాలి కదా?

జన్యుపటం
పగటి పట్టింపు బలహీనంగా ఉన్న రకంలో చలే పెత్తనం చేస్తుంది. నవంబర్, డిసెంబర్ నారుమడిలో ఆకు ఒక్కోటి రావడమే నెమ్మది. హైదరాబాద్ అక్షాంశంలో జూన్‌లో పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబర్‌లో 11 గంటల చిల్లర. ఈ రెండు గంటల తేడా పాత దేశవాళీ రకాలకి ప్రాణం, జూన్‌లో పోసినా ఆగస్టులో పోసినా అవి దాదాపు ఒకే వారాల్లో, పగళ్లు కుదించుకున్నాకే ఈనతాయి. వాటిని ఫిబ్రవరిలో పోస్తే పగళ్లు పెరిగే దారిలో ఉంటాయి కాబట్టి ఆకులు వేస్తూ కూర్చుంటాయి. ఉదాహరణకి తైవాన్ రకం తైచుంగ్ 65లో హెచ్‌డీ1, ఈహెచ్‌డీ1 రెండూ పనిచేయవు, అందుకే దానికి పగటి పట్టింపు తక్కువ. పగటి పొడవుని పెద్దగా పట్టించుకోని రకాలు ఉంటేనే ఏడాదికి రెండు పంటలు పండించడం సాధ్యమైంది. 1966లో వచ్చిన ఐఆర్8 కూడా పగటి పట్టింపు లేని రకమే. అందరూ దాని పొట్టితనం గురించి చెప్తారు, ఈ గుణం గురించి ఎవరూ చెప్పరు.

వరంగల్_విత్తనం
హైబ్రిడ్ విత్తనోత్పత్తిలో ఈ లెక్కలన్నీ రూపాయల్లోకి మారతాయి. ఎ వరసా (పుప్పొడి పనిచేయని తల్లి), ఆర్ వరసా (పుప్పొడినిచ్చే తండ్రి) ఒకేసారి పూతకి రాకపోతే విత్తనం ఉండదు. ఈనికకి నెల ముందు నుంచి మూడు రోజులకోసారి రెండింట్లోనూ ప్రధాన కాండాలు చీల్చి చూడాలి. బ్లేడుతో మొదలు దగ్గర నిలువుగా కోసి, పై కణుపు మీద చూడండి. మిల్లీమీటరు పొడవు తెల్లటి కొన, దాని మీద సన్నటి నూగు కనిపిస్తే అంకురం పడింది. మొదటి మూడు దశల్లో ఆర్ ఒక దశ ముందుండాలి. నాలుగు నుంచి ఆరు దశల్లో రెండూ సమానంగా ఉండాలి. చివరి రెండింట్లో ఎ కాస్త ముందుండాలి.

తేడా కనబడితే ముందు నడుస్తున్న దాని మీద 2 శాతం యూరియా ద్రావణం, వెనకబడ్డ దాని మీద ఫాస్ఫేట్ ద్రావణం పిచికారీ చేస్తే నాలుగైదు రోజుల వరకు సర్దుబాటు అవుతుంది. ఆర్ వరసకి నీటి పట్టింపు ఎక్కువ. ముందుంటే చేను ఆరగట్టండి, వెనకుంటే నీరు నిలపండి. ఇవన్నీ మొదటి మూడు దశల్లో చేస్తేనే పనిచేస్తాయి, పొట్ట దశలో యూరియా కొట్టి లాభం లేదు.

సూక్ష్మదర్శిని_రావు
అంశం కాస్త మారుస్తున్నా. ఎం2 తరంలో (విత్తనాల్లో జన్యుమార్పులు తెప్పించాక వచ్చే రెండో తరం) ఒక మొక్క దొరికింది. పొట్టు రెండు రేకులూ ఆకుల్లా పొడుగై, మూసుకోవడం లేదు. గింజ కట్టలేదు. చలి దెబ్బా, జన్యువా?

పైరు_పరిశోధన
ఆ మొక్కలో ఒక్క పిలకకే ఉంటే దెబ్బ అనుకోవచ్చు. అన్ని కంకుల్లో, అన్ని పూగుత్తుల్లో ఒకేలా ఉంటే జన్యువే. వర్ణన చూస్తే ఓఎస్‌మాడ్స్1, లీఫీ హల్ స్టెరైల్ లక్షణం. గింజ కట్టదు కాబట్టి అదే ఎం2 కుటుంబంలోని మామూలు అక్కచెల్లెళ్ల విత్తనం దాచండి. వాటిలో మూడింట రెండొంతులు ఆ లోపాన్ని బయటపడకుండా మోసే మొక్కలే ఉంటాయి. ఎం3లో 3:1 విడిపోతే ఒకే అంతర్గత జన్యువు.

లోపల ఏముందో విప్పి చూడండి. పూత విచ్చుకునే ముందురోజు, కంకి మధ్య కొమ్మల నుంచి పూలు తీసుకోండి. పైన చివరి కొమ్మలవి, అడుగువి వద్దు, వాటి వయసు వేరు. పొట్టు విప్పాక మామూలు వరి పువ్వులో 2 లాడిక్యూల్‌లు (పువ్వు అడుగున ఉండే చిన్న పొలుసులు), 6 కేసరాలు, ఒక అండాశయం, దాని మీద 2 ఈకల్లాంటి కీలాగ్రాలు ఉండాలి.

కేసరాల చోట అండాశయాలు, లాడిక్యూల్‌ల చోట పొట్టులాంటివి వస్తే ఎస్‌పీడబ్ల్యూ1, అంటే బి తరగతి ఓఎస్‌మాడ్స్16. అండాశయం చోట కేసరాలు వస్తే డీఎల్. కేసరాలు, అండాశయాలు లెక్కకి మించి పెరిగితే ఎఫ్‌ఓఎన్1 దిశగా చూడండి.

కంకి_కబుర్లు
డీఎల్‌కి ఒక సులువు గుర్తు ఉంది. ఆకు మధ్య ఈనె ఏర్పడదు, ఆకులు వంగి వేలాడుతుంటాయి. పూత దాకా ఆగకుండా నారుమడిలోనే పట్టేయొచ్చు. ఒకే జన్యువు ఆకు ఈనెనీ, పువ్వులో అండాశయాన్నీ చూసుకుంటుంది!

సూక్ష్మదర్శిని_రావు
అన్ని కంకుల్లోనూ ఒకేలా ఉంది. ఈనెలు బాగానే ఉన్నాయి. విప్పి చూసి చెప్తా. లాడిక్యూల్ ఎంత ముఖ్యం, అది పోతే ఏమవుతుంది?

వరంగల్_విత్తనం
లాడిక్యూల్ నీరు పీల్చి ఉబ్బితేనే పొట్టు విడుస్తుంది. ఉదయం 9 నుంచి 11 మధ్య చేలో పూత విచ్చుకోవడం దాని పనే. అది సరిగ్గా ఉబ్బకపోతే పువ్వు మూసుకునే ఉండి తనలో తాను పరాగం చేసుకుంటుంది. ఎస్‌పీడబ్ల్యూ1 ప్రోటీన్‌లో 45వ స్థానంలో ఐసోల్యూసిన్ పోయి థ్రియోనిన్ వచ్చిన రూపం అలాంటిదే, పుప్పొడి పక్క చేలకి పోకుండా ఆపడానికి వాడొచ్చని పరిశీలించారు. విత్తనోత్పత్తికి మాత్రం అది శాపం, మాకు ఎ వరస పూలు బాగా తెరుచుకుని ఉండాలి.

దాళ్వా_చేను
మార్చి చివర ఎండలకి తాలు వచ్చేది పువ్వు విచ్చుకునే వేళేనా?

పైరు_పరిశోధన
ఎక్కువగా అప్పుడే. విచ్చుకునే గంటలో 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సంచులు సరిగ్గా పగలవు, కీలాగ్రం మీద పడే పుప్పొడి తగ్గుతుంది. ఎన్22 రకం తట్టుకుంటుంది. ఇంకో దారి, పొద్దున్నే ఎండ ఎక్కకముందు విచ్చుకునే గుణాన్ని అడవి వరి నుంచి తేవడం. చలి దెబ్బ వేళ వేరు, ఈనికకి 10–12 రోజుల ముందు పుప్పొడి తొలి దశలో తగులుతుంది. కాబట్టి తాలు చూసి కారణం చెప్పాలంటే ఆ రెండు తేదీల ఉష్ణోగ్రతలు తీసి చూడండి.

నారుమడి_17
తెల్లవారుజామున 5:40కి కోసినవి నడిపాం. నిప్పన్‌బారేలో హెచ్‌డీ3ఎ 27వ సైకిల్‌కే లేచింది. ఎంటీయూ 1010లో 30 దగ్గర. ఛాంబర్ తలుపు గాజు పలకకి నల్ల గుడ్డ కట్టాం. 3 ప్రైమ్ యూటీఆర్ ప్రైమర్లు ఆర్డర్ పెట్టాం. ఎంటీయూ 1010లో తక్కువ ఉండడానికి హెచ్‌డీ1 కారణమా, ప్రైమర్ సరిగ్గా అతుక్కోకపోవడమా?

పీసీఆర్_పట్టు
ముందు ప్రైమర్ సంగతే తేల్చండి. మూడు సైకిళ్ల తేడాకి ప్రైమర్ చివరన ఒక్క బేసు మారినా చాలు. ఎంటీయూ 1010 జన్యు డీఎన్‌ఏ మీద అదే ప్రైమర్ జతతో పలచన వరస పెట్టి రెండు రకాల సమర్థత పోల్చండి. సమానంగా వస్తే అప్పుడు హెచ్‌డీ1 ఎక్సాన్లు చదివించండి.

జన్యుపటం
ఈహెచ్‌డీ1 కూడా అదే సీడీఎన్‌ఏలో (ఆర్‌ఎన్‌ఏ నుంచి తయారుచేసిన డీఎన్‌ఏ) నడపండి. ఈహెచ్‌డీ1 రెండింట్లో సమానంగా ఉండి హెచ్‌డీ3ఎ తక్కువైతే హెచ్‌డీ1 వైపు, లేదా హెచ్‌డీ3ఎ ప్రోమోటర్ వైపు చూడాలి. ఈహెచ్‌డీ1 కూడా తగ్గితే జీహెచ్‌డీ7, డీటీహెచ్8 చదవాలి.